చేతిలో ఇమిడే టచ్‌స్క్రీన్ ఫోన్‌ను ఎంచుకోవడం ఎలా?

తాంబరం నుంచి బీచ్ స్టేషన్‌కు వెళ్లే ఎలక్ట్రిక్ ట్రైన్‌లో ఒక చేత్తో పిడి పట్టుకొని నిలబడేవారు, రెండో చేతిలోని ఫోన్‌ను బొటనవేలు ఒక్కదానితోనే నడపాలి. చెన్నైలో చిన్న ఫోన్ కావాలనుకొనే మనవారు చాలామంది దుకాణంలో మొదట అడిగేది తెర ఎన్ని అంగుళాలని. అంతకంటే ఫోన్ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో అడగడం మేలు.

అంగుళాల లెక్క తెరను ఐమూలగా కొలిచినది కాబట్టి, పొడవు పెరిగినా ఆ అంకె పెరుగుతుంది. 16:9 నిష్పత్తి గల పాత 5.5 అంగుళాల తెర వెడల్పు సుమారు 68 మి.మీ. కాగా, 20:9 నిష్పత్తి గల 6.1 అంగుళాల తెర వెడల్పు 64 మి.మీ.కు మించదు. 2021లో వచ్చిన ఐఫోన్ 13 మినీ వెడల్పు 64.2 మి.మీ., 2023 నాటి గెలాక్సీ ఎస్23 వెడల్పు 70.9 మి.మీ. ఈ రెండింటినీ చిన్న ఫోన్లనే అంటారు గాని, పట్టులో తేడా వెంటనే తెలుస్తుంది. నా అభిప్రాయంలో 72 మి.మీ. దాటినదాన్ని చిన్న ఫోన్ అనడం సరికాదు. కొనబోయే ఫోన్ కొలతలకు ఒక అట్టముక్కను కత్తిరించి, చేతిలోనూ చొక్కా జేబులోనూ పెట్టి చూసుకుంటే సగం సందేహం ఇంట్లోనే తీరుతుంది.

రిచీ స్ట్రీట్‌కో అన్నాసాలై షోరూమ్‌కో వెళ్లినప్పుడు, పట్టు మార్చకుండా బొటనవేలిని ఎదుటివైపు పై మూలకు చాచి చూడండి. పవర్ బటన్ వేలి కిందికి సహజంగా వస్తున్నదా, వేలిముద్ర సెన్సర్ మరీ అడుగున ఉన్నదా అన్నవి కూడా అదే పట్టులో గమనించాలి. చెమట పట్టే ఈ ఊరి వాతావరణంలో వంపు తిరిగిన అంచులకన్నా చదునైన అంచులు జారకుండా నిలుస్తాయి. పైగా వంపు తెర మీద అరచేయి తగిలి అనవసరమైన టచ్‌లు పడుతుంటాయి. పౌచ్ వేస్తే వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక, పౌచ్‌తోనే మరోసారి పట్టుకొని చూడాలి.

తెలుగు చదివేవారు తప్పక చేయవలసిన పరీక్ష మరొకటి ఉంది. మెసేజ్ పెట్టెలో ‘రాష్ట్రీయ’, ‘వైశిష్ట్యం’, ‘సామర్థ్యం’ అని టైపు చేసి, ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా కనిపిస్తున్నాయేమో చూడండి. అక్షరాల పరిమాణం పెంచితే ఒత్తులు విడివిడిగా కనిపిస్తాయి గాని, ఇరుకు తెర మీద మన పొడుగు పదాలు రెండో వరుసలోకి విరుగుతాయి, మెనూల్లో చివర తెగిపోతాయి. ఈ ఇబ్బంది భరించలేనంతగా తోస్తే కాస్త వెడల్పైన ఫోన్‌కే వెళ్లడం మంచిది. టైపింగ్‌కు మాత్రం గూగుల్ వారి కీబోర్డు యాప్ జీబోర్డ్‌లో కీబోర్డును ఒక అంచుకు జరిపే ఒంటిచేతి పద్ధతి ఉంది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఉన్న వన్ హ్యాండెడ్ మోడ్, ఐఫోన్‌లోని రీచబిలిటీ తెర పైభాగాన్ని కిందికి దించుతాయి.

చిన్న ఒంట్లో పెద్ద బ్యాటరీ పట్టదు. ఎస్23 బ్యాటరీ సామర్థ్యం 3,900 ఎంఏహెచ్ ఉండగా, 13 మినీలో సుమారు 2,400 మాత్రమే. వేడి వెళ్లిపోవడానికీ చోటు తక్కువ. ఐఫోన్‌ను వాడదగిన పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల వరకేనని ఆపిల్ చెబుతుంది. చెన్నై మే నెల ఎండ ఆ గీతను సులువుగా దాటుతుంది. అందుకని కారు అద్దం దగ్గర ఎండలో పెట్టి, మ్యాప్ నడుపుతూ ఛార్జింగ్ చేయకండి. తెర మసకబారుతుంది, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది.

13 మినీ అమ్మకాన్ని ఆపిల్ 2023 సెప్టెంబరులో నిలిపివేసింది కాబట్టి, అంత చిన్నది కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో వెతకాలి. అప్పుడు *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ సంఖ్యను (ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య) బిల్లుతోనూ, కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోనూ సరిచూడండి. బ్యాటరీ హెల్త్ (కొత్తదానితో పోలిస్తే మిగిలిన సామర్థ్యం) 80 శాతం కంటే తగ్గితే మార్పిడి ఖర్చును ధరలోంచి తగ్గించమనండి. పాత యజమాని ఖాతా పూర్తిగా తొలగించాకే డబ్బు ఇవ్వండి. ఒకసారి విప్పి బిగించిన ఫోన్‌లో నీటి రక్షణను నమ్ముకోకూడదు. చివరగా ఒక యాప్ ఐకాన్‌ను వేలితో పట్టి, వేలు ఎత్తకుండా తెరంతా మెల్లగా వరుసలుగా లాగండి. ఎక్కడైనా ఐకాన్ చేజారి ఆగిపోతే అక్కడ టచ్ పని చేయడం లేదని అర్థం; అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.