సైకిల్ హెల్మెట్ ఏం ఆపుతుంది, ఏం ఆపలేదు

ముందు హెల్మెట్ పెట్టుకోండి, అందులో రెండో మాట లేదు. కానీ పెట్టుకున్నాం కదా అని లారీ పక్కన దూరితే మాత్రం అది ఏమీ చేయలేదు.

హెల్మెట్ లోపల ఉండేది థర్మోకోల్ లాంటి ఫోమ్. తల నేలకు కొట్టుకున్నప్పుడు అది నలిగి దెబ్బను తను తీసుకుంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 పరీక్షలో చదునైన దిమ్మ మీద పడేసే వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లే, అంటే సైకిల్ మీంచి పడి తల రోడ్డుకు తగిలే దెబ్బను లెక్కలో పెట్టుకుని చేసిన వస్తువు. అలాగని వాహనం గుద్దినప్పుడు దండగ అనుకోకండి, ఎందుకంటే గుద్దేది కారైనా చివరికి తల తగిలేది చాలాసార్లు రోడ్డుకే. గాయపడిన 64 వేల మందికి పైగా సైక్లిస్టుల వివరాలు కలిపి 2016లో చేసిన విశ్లేషణలో, హెల్మెట్ ఉన్నవాళ్లకు తలకు తీవ్ర గాయమయ్యే అవకాశం దాదాపు 70 శాతం తక్కువని తేలింది.

అయితే అది సరిగ్గా కూర్చుంటేనే. ముందు అంచుకీ కనుబొమ్మలకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండాలి, నుదురు మొత్తం కనిపించేలా వెనక్కి వాలకూడదు. రెండు పట్టీలు చెవి కింద వి ఆకారంలో కలవాలి. గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు పట్టేంత సందు చాలు, నోరు పెద్దగా తెరిస్తే హెల్మెట్ కిందికి లాగినట్టు అనిపించాలి. హెల్మెట్ వెనకున్న చిన్న చక్రం తిప్పి బిగించి, పట్టీ పెట్టకుండానే తల అటూ ఇటూ ఊపండి, జారిపోతుంటే ఆ సైజు మీది కాదు.

ఇక ప్రాణాలు తీసేవి ఎక్కువగా మోటారు వాహనాలే. ఆగి ఉన్న లారీకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందులోంచి ముందుకు వెళ్లకండి, ఇండికేటర్ వేయకపోయినా సరే. డ్రైవర్‌కి అక్కడ మీరు కనపడరు, పైగా లారీ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తాయి, ఆ సందు చూస్తుండగానే మూసుకుపోతుంది. వెనకే ఆగండి, అర నిమిషం పోతే పోయింది. ఆగి ఉన్న కార్ల పక్కన వెళ్లేటప్పుడు తలుపు తెరుచుకున్నా తగలనంత దూరం పాటించండి, దాని కోసం రోడ్డు మధ్యకి కాస్త జరగాల్సి వచ్చినా జరగండి. చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాల్సిందే, తాగి మాత్రం ఎక్కొద్దు.

నెదర్లాండ్స్‌లో మామూలుగా తొక్కేవాళ్లలో చాలామంది హెల్మెట్ పెట్టుకోరు, అయినా అక్కడ సైకిల్ ప్రయాణం సురక్షితమే, కారణం విడిగా ఉన్న సైకిల్ దారులూ వీధుల్లో తక్కువ వేగాలూ. మనకు అలాంటి దారి లేకపోతే కనీసం వాహనాలు నెమ్మదిగా వెళ్లే వీధి ఎంచుకోవచ్చు, దూరం కాస్త పెరిగినా నా లెక్కలో అదే మంచి దారి.

ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్‌ని, పైకి గీత కూడా పడకపోయినా, మార్చేయండి, నలిగిన ఫోమ్ మళ్లీ ఉబ్బదు. పిల్లలు సైకిల్ దిగి ఊయల, జారుడుబల్ల వైపు పరిగెత్తే ముందు వాళ్ల హెల్మెట్ తీయించండి, అది ఎక్కడైనా ఇరుక్కుంటే పట్టీ మెడకు బిగుసుకుంటుంది.