వేసవి ప్రయాణానికి ముందు: కూలెంట్ తగ్గితే పోసుకుని వెళ్లిపోకండి

పోయిన వారం ఒక జర్మన్ కారు గుత్తి నుంచి ఫ్లాట్‌బెడ్ లారీ మీద బెంగళూరుకు వెనక్కి వచ్చింది. మారతహళ్లిలో ఉండే మన తెలుగు కుటుంబానిది. కర్నూలుకు బయలుదేరారు. దేవనహళ్లి దాటగానే డాష్‌బోర్డు మీద కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తక్కువగా ఉందని పసుపు రంగు మెసేజ్ వచ్చింది. బాగేపల్లి దగ్గర ఆగి, చల్లారనిచ్చి, బాటిల్ నీళ్లు పోశారు. మెసేజ్ పోయింది. పెనుకొండ దగ్గర మళ్లీ వచ్చింది, మళ్లీ పోశారు. అనంతపురం దాటాక ఇంజన్ వేడెక్కిందని ఎర్ర లైటు వెలిగింది. గుత్తిలో ఎవరైనా మెకానిక్ దొరుకుతాడులే అనుకుని లాగించారు. ఇప్పుడు ఇంజన్ పైభాగం, అంటే హెడ్, విప్పి చూస్తే వంగిపోయి ఉంది. హెడ్ కింద లీకు కాకుండా పెట్టే గాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య కాలిపోయింది. అసలు లీకు ఒక ప్లాస్టిక్ పైపు మూతిలో ఉండే ఓరింగ్ (రబ్బరు రింగు) దగ్గర. ఆ ఓరింగ్ ఖరీదు వందల్లో ఉంటుంది. ఇంజన్ పని లక్షల్లోకి వెళ్లింది.

నేను ఇలాంటి విదేశీ బళ్ల రిపేరు పనిలోనే ఉన్నాను. లీకు దానంతట అది ఇంజన్‌ను చంపడం అరుదు. లీకు ఉందని బండి చెప్పాక కూడా పోసుకుని వెళ్లిపోతారు చూడండి, ఇంజన్ పోయేది అక్కడ. ఎండలు ముదురుతున్నాయి, పిల్లలకు సెలవులు వస్తున్నాయి, తిరుపతికో హైదరాబాదుకో బయలుదేరేవాళ్లు ఎక్కువవుతారు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను. వేడి మీద కూలెంట్ ట్యాంకు మూత తీయకూడదు లాంటివి అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను.

కూలెంట్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న సిస్టమ్‌లో అదే ద్రవం తిరుగుతూ ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో వేలి మందం తగ్గితే పట్టించుకోనక్కర్లేదు. రెండు నెలల్లో ట్యాంకు మీది మినిమం గీత కిందికి దిగిందంటే మాత్రం అది బయటికైనా కారుతోంది, ఇంజన్ లోపలికైనా పోతోంది. ఎటు పోతోందో తెలియకుండా పోసుకుని వెళ్లిపోకండి.

నీళ్లు పోస్తే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. ఈ సిస్టమ్ ప్రెజర్ కుక్కర్ లాంటిది. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన ద్రవం మామూలు గాలిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగిసి ప్రెజర్ నిలబడినప్పుడు 125 డిగ్రీల దగ్గర కూడా మరగదు. లీకు వల్ల ప్రెజర్ పోతే ఆ రక్షణ పోయినట్టే. పైగా కొన్ని బీఎండబ్ల్యూ ఇంజన్లు నిదానంగా వెళ్లేటప్పుడు 105 నుంచి 110 డిగ్రీల దగ్గర నడిచేలా తయారుచేశారు, మైలేజీ కోసం. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ మంచినీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. ప్రెజర్ నిలవని సిస్టమ్‌లో ఉత్త నీళ్లు పోసి ఈ ఇంజన్ నడిపితే లోపల ఆవిరి బుడగలు తయారవుతాయి. ఆవిరి ఉన్నచోట లోహం చల్లబడదు. అల్యూమినియం హెడ్ వంగేది అక్కడే.

డాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపించే ముల్లు మధ్యలోనే ఉంది కదా అని ధైర్యం చేస్తారు. ఈ కార్లలో ముల్లు ఉన్న వేడిని ఉన్నట్టు చూపించదు. డ్రైవర్‌కు టెన్షన్ లేకుండా చాలా డిగ్రీల తేడా వరకు మధ్యలోనే నిలిచేలా కంపెనీలే సెట్ చేస్తాయి. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం. కొన్ని మోడళ్లలో అసలు ముల్లే లేదు. ఇంకో సంగతి: సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. కూలెంట్ మొత్తం పోయి అది గాలిలో ఉంటే, ఇంజన్ మాడిపోతున్నా తక్కువ చూపించవచ్చు. ముల్లును నమ్మి పోసుకుని వెళ్లిపోకండి.

ఇంటి దగ్గర చూడాల్సినవి

పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న బండి దగ్గర చూడండి. కూలెంట్ ట్యాంకు గీత దగ్గర ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. వారం తర్వాత అదే సమయానికి, అదే పార్కింగ్ చోట మళ్లీ తీయండి. కళ్లతో గుర్తుపెట్టుకున్న లెవెల్ మీద ఆధారపడొద్దు.

కింద చుక్క పడలేదు కాబట్టి లీకు లేదనుకోవద్దు. ఈ కార్లకు ఇంజన్ కింద పెద్ద ప్లాస్టిక్ కవరు ఉంటుంది. కారినదంతా దాని మీద పడి, వేడికి ఆరిపోతుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నేల శుభ్రంగానే కనిపిస్తుంది. కవరు విప్పితే తెల్లగానో, గులాబీ రంగులోనో, నీలంగానో ఉప్పు పేరుకున్నట్టు మరక ఉంటుంది. అదే సాక్ష్యం. నేల మీద నీళ్లు కనిపిస్తే అది ఏసీ నీళ్లు కావచ్చు. ఏసీ నీళ్లకు రంగు, వాసన, జిడ్డు ఉండవు. కూలెంట్ వేళ్ల మధ్య జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది. నాలుకతో మాత్రం చూడకండి, అది విషం.

ఏసీ గాలిలో తియ్యటి వాసన వచ్చినా, ముందు అద్దానికి లోపల జిడ్డు ఆవిరి పట్టినా, ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉన్నా డాష్‌బోర్డు లోపలి హీటర్ కోర్‌ను (వేడి కూలెంట్ తిరిగే చిన్న రేడియేటర్ లాంటిది) అనుమానించాలి. బెంగళూరులో హీటర్ వాడేది తక్కువ కాబట్టి ఇది చాలాకాలం బయటపడదు.

ఎక్కడా మరక లేకుండా కూలెంట్ తగ్గుతుంటే ఇంకా భయపడాలి. హెడ్ గాస్కెట్ నుంచో, డీజిల్ బండి అయితే ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే భాగం) నుంచో లోపలికి పోతుండవచ్చు. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరసగా తగలబడ్డాయి. ఈజీఆర్ కూలర్ నుంచి కారిన కూలెంట్ మసితో కలిసి పేరుకుని, వేడి పొగకు అంటుకోవడమే కారణమని కంపెనీ చెప్పింది. అక్కడ లక్షకు పైగా కార్లను వెనక్కి పిలిచారు, ఆ తర్వాత రీకాల్ ఇతర దేశాలకూ వెళ్లింది. డీజిల్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఛాసిస్ నంబరు ఇచ్చి, పెండింగ్ రీకాల్ ఉందేమో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. ఇది ఫోన్‌లో అయిపోయే పని.

సెకండ్ హ్యాండ్ గురించే ఇంకో మాట. ఐటీ ఉద్యోగంలో నిలదొక్కుకున్నాక ఏడెనిమిదేళ్ల ఆడీ, మెర్సిడెస్ కొనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. తప్పేం లేదు, మంచి బళ్లు. కానీ ఆ వయసుకి కూలింగ్ సిస్టమ్‌లోని ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది. రోజూ సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నిలబడి ఉడికిన బండి కిలోమీటర్లు తక్కువ తిరిగినా లోపల వయసు ఎక్కువే. బీఎండబ్ల్యూలో కూలెంట్ ట్యాంకు అతుకు దగ్గర సన్నగా పగులుతుంది, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ కారుతుంది, కొన్నింట్లో కరెంటు వాటర్ పంపు చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. ఆడీ ఈఏ888 పెట్రోలు ఇంజన్‌లో వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసిన ప్లాస్టిక్ హౌసింగ్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని కారుతుంది. మెర్సిడెస్ ఓఎం651 డీజిల్ ఇంజన్‌లో వాటర్ పంపు కారుతుంది. కొన్ని మెర్సిడెస్ మోడళ్లలో ట్యాంకు లోపల సిలికా జెల్ సంచి ఉంటుంది, అది చిరిగితే గింజలు హీటర్ కోర్‌లోకి పోయి అడ్డుపడతాయి. ల్యాండ్ రోవర్, జాగ్వార్ సూపర్‌చార్జ్‌డ్ వీ6, వీ8 ఇంజన్లలో ప్లాస్టిక్ కూలెంట్ పైపులు అతుకు వెంట చీలతాయి. మీ బండి ఇంజన్ పేరు తెలుసుకుని, ఆ భాగాన్ని పేరు పెట్టి అడిగి చూపించుకోండి.

షెడ్డులో అడగాల్సినవి

ముందు ప్రెజర్ టెస్ట్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మూతి దగ్గర చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెజర్ వరకు గాలి ఎక్కించి, కనీసం అరగంట వదిలేయాలి. పంపు మీటరు ముల్లు దిగితే లీకు ఉన్నట్టే. ఐదు నిమిషాలు చూసి బాగానే ఉందంటే ఒప్పుకోవద్దు. మూతను కూడా విడిగా టెస్ట్ చేయమనండి, చాలాచోట్ల దాన్ని వదిలేస్తారు.

చల్లగా నిలిచి, వేడెక్కాకే కారే లీకులూ ఉంటాయి. వాటికి కూలెంట్‌లో యూవీ డై (యూవీ లైటుకు మెరిసే రంగు) కలిపి, రెండు మూడు రోజులు తిప్పి, యూవీ లైటు కింద చూడాలి. హెడ్ గాస్కెట్ మీద అనుమానం ఉంటే ట్యాంకు మూతి దగ్గర నీలం ద్రవంతో గ్యాస్ టెస్ట్ చేస్తారు. ఇంజన్ పొగ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. చిన్న పరీక్షే. ఇది చేయకుండా హెడ్ విప్పుతానంటే ఆగమనండి.

విప్పాక పాత ఓరింగ్ మళ్లీ పెట్టనివ్వొద్దు. కొన్ని బీఎండబ్ల్యూ ఇంజన్లలో వాటర్ పంపు బోల్టులు అల్యూమినియంవి, ఒక్కసారి వాడటానికే. వాటిని మళ్లీ బిగిస్తే తెగుతాయి. జేసీ రోడ్డులో పార్టు దొరికినా దాని నంబరు మీ ఛాసిస్ నంబరుతో సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి.

కూలెంట్ నింపాక లోపల చిక్కుకున్న గాలి తీయడం ఒక పని. వ్యాక్యూమ్ పెట్టి నింపితే మంచిది. బీఎండబ్ల్యూ ఎన్52, ఎన్54, ఎన్55 లాంటి ఇంజన్లలో బ్యాటరీకి చార్జర్ పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, హీటర్ పూర్తి వేడికి, ఫ్యాన్ అతి తక్కువకు పెట్టి, యాక్సిలరేటర్ పది సెకన్లు అదిమి పట్టాలి. పంపు దాదాపు పన్నెండు నిమిషాలు తనే తిరిగి గాలి తీస్తుంది. అంతసేపూ ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. గాలి బుడగ మిగిలితే రిపేరు చేసిన బండే మర్నాడు ఓవర్‌హీట్ అవుతుంది.

ఇక మిగతావి వరసగా చెబుతాను.

- లీకు ఆపే పౌడరు, లిక్విడు ఏదీ పోయొద్దు. లీకుతో పాటు రేడియేటర్ సన్న దారుల్ని, హీటర్ కోర్‌ని, కరెంటు పంపుని కూడా మూసేస్తుంది.
- పగిలిన ట్యాంకుకి ఎం-సీల్ పెట్టొద్దు. ప్రెజర్‌కి ఊడుతుంది, ఊడేది ఘాట్ రోడ్డు మీద.
- రంగు చూసి కూలెంట్ కొనొద్దు. డబ్బా మీద మీ కంపెనీ అప్రూవల్ నంబరు ఉండాలి. వేర్వేరు రకాలు కలిస్తే కొన్నిసార్లు జెల్లీలా గడ్డకడుతుంది.
- కలపాల్సింది డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వద్దు. అందులోని సున్నం లోపల పేరుకుంటుంది.
- ట్యాంకు నిండా పోయొద్దు. మ్యాక్స్ గీత దాటొద్దు.
- పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో గానీ, తిరుమల ఘాట్‌లో గానీ పసుపు మెసేజ్ వస్తే ఘాట్ దాటాక చూద్దాం అనొద్దు. ఆపగలిగిన మొదటి చోట ఆపండి.
- ఎర్ర లైటు వస్తే ఏసీ తీసేయండి, హీటర్ ఫుల్‌గా పెట్టండి, పక్కకు తీయండి, ఇంజన్ ఆపండి. హీటర్‌లో చల్లటి గాలి వస్తే కూలెంట్ అయిపోయినట్టే.
- ఆపాక ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం అనొద్దు. వేడి ఇంజన్ మీద చల్లటి నీళ్లు పోయొద్దు.
- ఎర్ర లైటు వచ్చాక ఊరు ఎంత దగ్గరున్నా నడపొద్దు. ఒక్క కిలోమీటరు కూడా. ఫ్లాట్‌బెడ్ పిలవండి.
- పోసుకుని వెళ్లిపోవద్దు. పసుపు మెసేజ్ పోయిందంటే ట్యాంకు నిండింది, అంతే. లీకు అక్కడే ఉంది.
- మామూలు ఇన్సూరెన్స్ మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి డబ్బులివ్వదు. వేడికి పోయిన ఇంజన్ ఖర్చు మీ జేబులోంచే.
- మీ బండిని కొత్త డ్రైవర్‌కో, తమ్ముడికో, బావమరిదికో ఇస్తే ఎర్ర లైటు మాట తాళంతో పాటు చెప్పి ఇవ్వండి. ఎర్ర లైటు వస్తే ఆపినందుకు ఎవరూ తిట్టరని కూడా చెప్పండి. యజమాని కోప్పడతాడన్న భయంతో నడిపేస్తారు.
- తీసిన పాత కూలెంట్ కాలువలో పోయనివ్వొద్దు, మూత లేని డబ్బాలో వదలనివ్వొద్దు. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు తాగుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. పిల్లలు తాగితే వాంతి కోసం ఎదురుచూడొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, డబ్బా కూడా తీసుకెళ్లండి.
- రిపేరు అయిన రోజే దూర ప్రయాణం పెట్టుకోవద్దు. ఆ సాయంత్రం ఊళ్లో గంటసేపు తిప్పండి, మర్నాడు పొద్దున్న చల్లారాక లెవెల్ చూడండి. గాలి బయటికొచ్చి కొద్దిగా దిగితే గీత వరకు నింపి, ఇంకో రోజు తిప్పి చూడండి. మళ్లీ దిగితే షెడ్డుకే తీసుకెళ్లండి. గీత దగ్గరే నిలిస్తే బయలుదేరండి.