మాక్రోలో ఫైల్ ఎక్కడ సేవ్ చేయాలో వాడేవాళ్లనే ఎంచుకోనివ్వండి

కర్నూలు ఉల్లి మండీలో లెక్కలు చూసేవాళ్ల కోసం ఎక్సెల్ మాక్రో (పనిని తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రామ్) రాస్తున్నారా? సేవ్ చేసే ఫోల్డర్‌ను కోడ్‌లోనే రాసేయకండి. ఆ ఫోల్డర్ లేని కంప్యూటర్‌లో మాక్రో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. సాయంత్రం రైతులకు పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు) ఇచ్చే హడావిడిలో గుమస్తాకు ఆ టెన్షన్ ఎందుకు?

దానికి బదులు అప్లికేషన్.గెట్‌సేవ్‌యాజ్‌ఫైల్‌నేమ్ అనే ఆదేశం వాడండి. మామూలు సేవ్ యాజ్ విండోనే తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్ అయినా, డెస్క్‌టాప్ అయినా వాళ్లిష్టం. అయితే ఇది ఎంచుకున్న చోటును, పేరును చెబుతుందే తప్ప ఫైల్‌ను సేవ్ చేయదు. ఆ పని తర్వాతి లైన్లో సేవ్‌యాజ్‌తో మీరే చేయించాలి. సేవ్ చేసే ఫైల్‌లో మాక్రోలు కూడా ఉండాలంటే అక్కడే ఫైల్‌ఫార్మాట్ (ఫైల్ రకం) 52 అని ఇవ్వండి, అక్కర్లేకపోతే 51.

అసలు చిక్కంతా క్యాన్సిల్ దగ్గరే. అది నొక్కితే ఫాల్స్ అనే విలువ వస్తుంది. ఆ విలువను ఉంచే వేరియబుల్‌ను స్ట్రింగ్‌గా (అక్షరాల రకంగా) పెట్టి ఉంటే, దాన్నే పేరుగా తీసుకుని ‘ఫాల్స్’ అనే ఫైల్ తయారవుతుంది. తర్వాత అదేమిటో ఎవరికీ అర్థం కాదు. అందుకే దాన్ని వేరియంట్‌గా (ఏ రకం విలువైనా పట్టేలా) పెట్టి, ఫాల్స్ వస్తే ఎగ్జిట్ సబ్‌తో మాక్రో నుంచి బయటికి వచ్చేయండి.

విండోలో ముందుగానే కనిపించే పేరు, అంటే ఇనీషియల్‌ఫైల్‌నేమ్‌లో తేదీ కూడా ఇవ్వొచ్చు. ఏటవాలు గీతలు (/) మాత్రం విండోస్ ఫైల్ పేర్లలో చెల్లవు, 14-08-2025 అన్నట్టు అడ్డగీతలే పెట్టండి.