పాస్కా (ఈస్టర్) తర్వాత కొత్త విచారణలో (పారిష్‌లో) అడుగుపెట్టేవారికి

పరాయి దేశం వచ్చిన కొత్తలో మన కతోలికులు చాలామంది ఈస్టర్ రోజున దగ్గర్లో ఉన్న గుడి వెతుక్కుని, ఒక్క పూజకు వెళ్ళి వచ్చేస్తారు. గుడి కిటకిటలాడుతుంటుంది, తెలిసిన ముఖం ఒక్కటీ కనబడదు, భాష సగమే అర్థమవుతుంది. ‘ఇక్కడ మనల్ని పట్టించుకునేవాళ్ళు ఎవరున్నారు’ అనిపించి, మరుసటి ఆదివారం నుంచి ఫోన్లో తెలుగు పూజ చూడటంతో సరిపెట్టుకుంటారు. దయచేసి అక్కడే ఆగిపోకండి. కొత్త విచారణలో కుదురుకోవడానికి ఏడాది మొత్తంలో ఈస్టర్ తర్వాతి వారాలకు మించిన సమయం నాకు కనబడదు.

పాస్కా కాలం ఈస్టర్ నుంచి పెంతెకోస్తు (పవిత్రాత్మ దిగివచ్చిన పండుగ) వరకు 50 రోజులు నడుస్తుంది. పండుగ రద్దీ తగ్గుతుంది కాబట్టి ఫాదర్ గారు పూజ అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడే తీరిక దొరుకుతుంది. పాస్కా జాగరణ రాత్రి, అంటే ఈస్టర్ ముందు రాత్రి, జ్ఞానస్నానం పొందిన పెద్దవాళ్ళు కూడా ఈ వారాల్లోనే సంఘానికి అలవాటు పడుతుంటారు. అంటే, ఆ గుడిలో కొత్తవాళ్ళు మీరొక్కరే కారు.

డ్యూటీ వల్లో ప్రయాణం వల్లో ఈస్టర్ పూజే తప్పిపోయిందని బాధపడేవారికి ఒక మాట. పాస్కా కాలపు రెండో ఆదివారం చదివే సువార్త అపోస్తలుడు తోమాసు గారి గురించి. ప్రభువు లేచిన రోజు సాయంత్రం ఆయన అక్కడ లేరు. ఎనిమిది రోజుల తర్వాత అందరితో కలిసి ఉన్నారు, ప్రభువు ఆయన కోసమన్నట్టు మళ్ళీ వచ్చారు. ఈ ఆదివారాన్నే రెండవ జాన్‌పాల్ పోపు గారు 2000లో దైవకరుణ ఆదివారంగా ప్రకటించారు. చాలా చోట్ల మధ్యాహ్నం 3 గంటలకు ప్రత్యేక ప్రార్థన ఉంటుంది. జనం తక్కువగా ఉండే ఆ ప్రార్థనకు వెళ్తే పరిచయాలు తేలిగ్గా అవుతాయి.

గుడిలోకి వెళ్ళగానే వాక్యపీఠం పక్కన నిలబెట్టిన పెద్ద పాస్కా కొవ్వొత్తిని దగ్గరగా చూడండి. సిలువ గుర్తు, పైన అల్ఫా, కింద ఒమేగా (గ్రీకు మొదటి, చివరి అక్షరాలు), సిలువ నాలుగు మూలల్లో ఈ సంవత్సరపు నాలుగు అంకెలు, ప్రభువు ఐదు గాయాలకు గుర్తుగా ఐదు సాంబ్రాణి గింజలు. ఏ దేశంలోనైనా ఇవే. పూజ క్రమం కూడా అంతే. పైగా లాటిన్ రీతి (రోమన్ కతోలిక) గుళ్ళలో ఆ ఆదివారం పఠనాలు దాదాపు ప్రపంచమంతా ఒక్కటే. కాబట్టి శనివారం రాత్రే వాటిని తెలుగు బైబిల్లో చదువుకుని వెళ్ళండి. అక్కడ చదివే భాష సరిగా రాకపోయినా ఏం జరుగుతోందో తెలుస్తుంది, ప్రసంగంలో సగమైనా అందుతుంది. భాష టెన్షన్ ఉన్నవారికి దీన్ని మించిన ఉపాయం లేదు.

ఈ కాలంలో మొదటి పఠనం పాత నిబంధన నుంచి కాకుండా అపోస్తలుల కార్యముల నుంచి వస్తుంది. అందులో 6వ అధ్యాయం వలస వచ్చినవాళ్ళు తప్పకుండా చదవాలి. రెండో వారం శనివారం పూజలో ఏటా ఇది వినబడుతుంది. తొలి సంఘంలో గ్రీకు మాట్లాడేవాళ్ళ గోడు అది. రోజూ జరిగే పంపకంలో తమ వితంతువులను పక్కన పెడుతున్నారని వాళ్ళు ఫిర్యాదు చేశారు. అంటే యెరూషలేములోనే, అపోస్తలులు బతికుండగానే, భాష వేరైనవాళ్ళకు అన్యాయం జరిగింది. అపోస్తలులు ఆ మాటను కొట్టిపారేయలేదు. అందరినీ పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫాను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. బాధ చెప్పుకున్నవాళ్ళ వైపు నుంచే బాధ్యత మోసేవాళ్ళు వచ్చారన్నమాట. అందుకే, విచారణలో మీకు లోటుగా అనిపించినదాన్ని మనసులో పెట్టుకుని దూరం జరగకండి, ఫాదర్ గారితో మర్యాదగా చెప్పండి. చెబుతూనే ‘నేనేం చేయగలను’ అని కూడా అడగండి.

ఇక ఆచరణలో కొన్ని తేడాలు. ఎప్పుడు మోకరించాలి, ఎప్పుడు నిలబడాలి అన్నది దేశాన్ని బట్టి కొంచెం మారుతుంది. మధ్య వరుసలో కూర్చుని ముందున్నవారిని చూసి చేయండి. సత్ప్రసాదం చేతిలో ఇచ్చే చోట ఒక అరచేయి కింద రెండో చేయి పెట్టి అందుకుని, అక్కడే నోట్లో వేసుకున్నాకే కదలాలి. నాలుక మీద తీసుకునే అలవాటుంటే అలాగే తీసుకోవచ్చు. ద్రాక్షారసం పాత్ర కూడా అందిస్తుంటే తాగడం మీ ఇష్టం. ఒక్క అప్పంలోనే ప్రభువు పూర్తిగా ఉన్నారు కదా. సత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదన్న నియమం, నీళ్ళకూ మందులకూ మినహాయింపు, అంతటా ఒకటే.

పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఏ భాషలో అన్నది చాలామందికి సంకోచం. చిన్న చిన్న వాక్యాలు ముందే రాసుకుని వెళ్ళండి, లేదా మీకు వచ్చిన భాష తెలిసిన గురువు ఎక్కడున్నారో ఆఫీసులో అడగండి. ఏడాదికి ఒకసారైనా, వీలైనంతవరకు పాస్కా కాలంలోనే, సత్ప్రసాదం తీసుకోవాలన్నది శ్రీసభ (కతోలిక సంఘం) కట్టడ. ఈస్టర్‌కు కుదరనివారికి ఇంకా వ్యవధి ఉంది.

విచారణలో పేరు నమోదు చేయించుకోవడం మాత్రం వాయిదా వేయొద్దు. ఫారంలో పేర్లు, చిరునామా, ఎవరెవరు ఏ సంస్కారాలు ఎక్కడ పొందారు అని అడుగుతారు. అప్పుడు తేలిగ్గా అనిపించినా, బిడ్డకు జ్ఞానస్నానం, జ్ఞాన తల్లిదండ్రులుగా ఉండటానికి ఉత్తరం, పెళ్ళి, వీటన్నిటికీ ముందు అడిగేది ‘మీరు ఈ విచారణవారేనా’ అని. పెళ్ళి విషయంలో ఇంకో సంగతి. జ్ఞానస్నాన పత్రం కొత్తగా తీయించినదే కావాలంటారు, సాధారణంగా ఆరు నెలల లోపుది. ఎందుకంటే భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), వివాహం వంటి వివరాలన్నీ మీరు జ్ఞానస్నానం పొందిన విచారణ పుస్తకంలోనే మీ పేరు పక్కన రాస్తారు. బీరువాలోని పాత కాగితం సరిపోదు. ప్రభుత్వ నమోదు ఫారంలో మతం రాస్తే జీతంలోంచి చర్చి పన్ను తీసుకునే దేశాలు కొన్ని ఉన్నాయి. సంతకం పెట్టే ముందు నియమం తెలుసుకోండి.

పరిచయాలకు నేను చెప్పేది ఒకటే: వారం వారం ఒకే వేళ పూజకు వెళ్ళండి. ఒక వారం శనివారం సాయంత్రం, ఇంకో వారం ఆదివారం మధ్యాహ్నం అయితే మీరు ఎవరికీ గుర్తుండరు. పూజ అయిన వెంటనే పార్కింగ్ వైపు పరుగెత్తకుండా టీ ఇచ్చే హాల్లో పావుగంట ఆగండి. భాష రాకపోయినా చేయగల పని చాలా ఉంటుంది: కుర్చీలు సర్దడం, పువ్వులు పెట్టడం, గాయక బృందంలో గొంతు కలపడం. పిల్లలతో పనిచేస్తామంటే పోలీసు ధ్రువీకరణ, శిక్షణ అడుగుతారు. అనుమానించారని నొచ్చుకోకండి, అది పిల్లల భద్రత కోసం అందరికీ పెట్టిన నియమం.

దగ్గర్లో తెలుగు పూజ ఉంటే తప్పకుండా వెళ్ళండి, మనసారా పాడుకోండి. కానీ పిల్లలు పెరిగేది ఇంటి దగ్గరి విచారణలో. దాన్ని వదులుకుంటే వాళ్ళకు గుడి పండుగలకు వెళ్ళే చోటుగానే మిగిలిపోతుందని నా భయం.

ప్రభువు మోక్షారోహణ పండుగ కొన్ని చోట్ల పాస్కా కాలపు 40వ రోజు గురువారమే చేస్తారు, కొన్ని చోట్ల ఆ తర్వాతి ఆదివారానికి మారుస్తారు. గుమ్మం దగ్గర పెట్టే వారపత్రికలో చూసుకోండి. పెంతెకోస్తు రోజున చాలా విచారణల్లో విశ్వాసుల ప్రార్థనలు పలు భాషల్లో చదివిస్తారు. రెండు వారాల ముందే అడిగితే ఒక ప్రార్థన తెలుగులో చదివే అవకాశం మీకే రావచ్చు. పెంతెకోస్తు దాటాక చాలా చోట్ల బడి సెలవులు మొదలై బృందాలన్నీ విరామం తీసుకుంటాయి. కాబట్టి పిల్లల జ్ఞానోపదేశం తరగతులకు, ప్రథమ సత్ప్రసాదానికి పేర్లు ఎప్పుడు తీసుకుంటారో ఆలోపే ఆఫీసులో కనుక్కుని, వాళ్ళ జ్ఞానస్నాన పత్రాల నకళ్ళు ఇచ్చి రండి.