పాత సర్వర్‌పై ఈఎస్‌ఎక్స్‌ఐ ఎక్కించే ముందు
హనుమకొండలోనో కరీంనగర్‌లోనో కళాశాల ల్యాబ్ కోసం సెకండ్‌హ్యాండ్ సర్వర్ కొని, దానిపై ఈఎస్‌ఎక్స్‌ఐతో (ఒకే సర్వర్‌పై అనేక వర్చువల్ కంప్యూటర్లను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) వర్చువలైజేషన్ చేయదలచినవారు, డబ్బు చెల్లించకముందే దానికి సరిపడే హార్డ్‌వేర్ జాబితా అయిన బ్రాడ్‌కామ్ (వీఎంవేర్ యజమాని సంస్థ) కంపాటిబిలిటీ గైడ్‌లో ఆ మోడల్‌ను, ప్రాసెసర్‌ను, ముఖ్యంగా డిస్కులను నడిపే రెయిడ్ కంట్రోలర్‌ను, నెట్‌వర్క్ కార్డును విడివిడిగా వెతికి చూడటం మంచిది. సర్వర్ పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన లోపలి కార్డులన్నీ పనిచేస్తాయని కాదు. 2020లో వచ్చిన ఈఎస్‌ఎక్స్‌ఐ 7.0లో వీఎంకేలినక్స్ అనే పాత రకం (లినక్స్ ఆధారిత) డ్రైవర్లకు స్థానం లేకుండా పోయినందున, 6.5లో చక్కగా నడిచిన కంట్రోలర్ కొత్త వెర్షన్‌లో డిస్కులనే చూపకపోవచ్చు. కార్డు పేరు ఒకటే అయినా లోపలి చిప్ వేరుగా ఉండవచ్చు (అమ్మేవారికే తరచూ ఆ సంగతి తెలియదు). కాబట్టి లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కార్డుల వివరాలు చూపే ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశానికి -ఎన్‌ఎన్ జోడించినప్పుడు (lspci -nn) కనిపించే వెండర్, డివైస్ ఐడీలను గైడ్‌లోని వాటితో పోల్చాలి. ఏ ఫర్మ్‌వేర్‌కు ఏ డ్రైవర్ అన్నదీ అక్కడే ఉంటుంది. బయాస్‌లో వీటీ-ఎక్స్ (వర్చువలైజేషన్‌కు తోడ్పడే ఇంటెల్ ప్రాసెసర్ సౌకర్యం) ఆన్‌లో ఉందో లేదో అప్పుడే చూసుకోవచ్చు.