గింజ కదిలే రోజుల్లోనే బయల్దేరండి

ధాన్యం వ్యాపారం పని మీద మొదటిసారి విదేశాలకు వెళ్లేవాళ్లు వీసా గురించి, విమానం టికెట్ల గురించి ముందు అడుగుతారు. నేను వాళ్లను ముందు అడిగేది వేరు. మీరు వెళ్లే వారంలో అక్కడ గింజ కదులుతోందా? లారీలోంచి దిగుతోందా, బార్జిలోకి (నదిలో సరుకు మోసే చదునైన పడవలోకి) ఎక్కుతోందా, ఓడలోకి పోస్తున్నారా? కదలని గింజ కోసం అంత దూరం వెళ్తే దక్కేది తక్కువ. సైలోలో, అంటే ధాన్యం దాచే ఎత్తయిన గాదెలో పడ్డాక అది గోడ వెనక ఉన్న సరుకు. కదిలేటప్పుడే దాన్ని చేతిలోకి తీసుకోగలం, వాసన చూడగలం, మన కళ్ల ముందు శాంపిల్ తీయించగలం.

నేను పిండి మిల్లుల కోసం గోధుమలు కొనే బృందంలో నాణ్యత చూస్తాను. అందుకని ఇక్కడ రాసేది గోధుమ వైపు మొగ్గుతుంది. మొక్కజొన్న, సోయా కొనేవాళ్లకు, యంత్రాలు బిగించడానికి వెళ్లే ఇంజినీర్లకు కూడా ఇందులో చాలాభాగం పనికొస్తుంది.

ఏ నెలలో ఎక్కడ

అమెరికాలోని కాన్సస్‌లో శీతాకాలపు గోధుమ కోత జూన్‌లో జోరుగా సాగుతుంది. నల్ల సముద్రం చుట్టూ ఉన్న రష్యా, ఉక్రెయిన్, రొమేనియాల్లో జూలైలో. కెనడా ప్రెయిరీల్లో ఆగస్టు చివర, సెప్టెంబరు. ఆస్ట్రేలియాలో నవంబరు, డిసెంబరు. అర్జెంటీనా గోధుమ కూడా దాదాపు అప్పుడే. బ్రెజిల్‌లో సోయా కోత ఫిబ్రవరి, మార్చిలో బాగా సాగుతుంది. సోయా తీసేసిన అదే నేలలో వేసే రెండో పంట మొక్కజొన్న జూన్, జూలైలో చేతికొస్తుంది.

కోత సమయంలో పొలాల దగ్గరి ఎలివేటర్లో, అంటే ధాన్యం దించుకుని నిల్వచేసే కేంద్రంలో, లారీలు గింజ దించే చోట ఒక పూట నిలబడండి. వచ్చిన ప్రతి లారీ నుంచి శాంపిల్ తీస్తారు. తేమ, ప్రోటీన్ యంత్రం నిమిషంలో చెప్పేస్తుంది. ఆ అంకెలు ఒకదాని వెనక ఒకటి చూస్తుంటే ఆ ఏడాది పంట ఎలా ఉందో అర్థమవుతుంది. తేమ 13 శాతం లోపల నిలకడగా ఉందా, లారీ లారీకీ మారుతోందా? కోతకు ముందు వాన పడిందా?

ఈ వాన సంగతి గోధుమ కొనేవాళ్లకు చాలా ముఖ్యం. పండిన కంకి తడిస్తే గింజ చేలోనే మొలకెత్తడం మొదలుపెడుతుంది. పైకి మొలక కనపడకపోయినా లోపల ఎంజైమ్ పెరిగి పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది. ఆ పిండితో చేసిన బ్రెడ్ లోపల జిగటగా వస్తుంది. దీన్ని పట్టుకునేది ఫాలింగ్ నంబర్ పరీక్ష. పిండిని నీళ్లలో కలిపి, మరిగే నీటిలో పెట్టిన గొట్టంలో వేడి చేస్తారు. అందులో ఒక కడ్డీ కిందికి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. జావ పల్చబడితే కడ్డీ తొందరగా దిగుతుంది. మిల్లులు మామూలుగా 250 లేదా 300 సెకన్లకు పైన అడుగుతాయి. కోతలో వాన పడిన ఏడాది ఏ జిల్లాలో తడిసింది, ఏ జిల్లాలో తప్పించుకుంది అన్నది అక్కడి ఎలివేటర్ మేనేజర్ నోట వినాలి. ఆఫీసుకు వచ్చే సగటు లెక్కల్లో అది కలిసిపోతుంది.

ఒప్పందం చదివాకే రేవు ఎంచుకోండి

ఈ పనిలో ప్రయాణం ఎక్కడికి అన్నది చాలావరకు ఒప్పందమే చెబుతుంది. ప్రపంచ ధాన్య వ్యాపారంలో పెద్ద భాగం లండన్‌లోని ధాన్య వ్యాపారుల సంఘం గాఫ్టా తయారుచేసిన నమూనా ఒప్పందాల మీద నడుస్తుంది. ఆ సంఘం ఇప్పటి రూపంలో 1971లో ఏర్పడింది, మూలాలు 1878 దాకా వెళ్తాయి. ఒప్పందంలో నాణ్యత దగ్గర ఏం రాశారో చూడండి. నాణ్యత లోడింగ్ దగ్గరే ఖరారు అని ఉంటే, ఓడ ఎక్కించే రేవులో ఇచ్చిన సర్టిఫికెట్టే చివరి మాట. ఓడ కదిలాక, సరుకు దిగే చోట ప్రోటీన్ తక్కువ వచ్చిందని వాదించడానికి మీకు మిగిలేది చాలా తక్కువ. అలాంటప్పుడు మీరు ఉండాల్సింది లోడింగ్ రేవులో. దించే చోట ఖరారు అని ఉంటే మీ ప్రయాణం అటు వైపు.

రెండు చోట్లకూ మనిషిని పంపే ఖర్చు లేదంటే, ఖరారు ఎక్కడ అవుతుందో అక్కడికే పంపండి. పై అధికారులు పొలాల పర్యటనకు ఇష్టంగా డబ్బు ఇస్తారు, రేవులో నాలుగు రోజులు కూర్చోవడానికి ఇవ్వడానికి వెనకాడతారు. ఈ విషయంలో గట్టిగా అడగండి. సరుకు విలువ తేలేది అక్కడే.

తారీఖులు మాత్రం నమ్మకండి. ఓడ వచ్చే రోజు వెనక్కి జరుగుతూనే ఉంటుంది. వాన పడితే హోల్డుల (ఓడలో సరుకు నింపే గదుల) మీది తలుపులు మూసేసి పని ఆపేస్తారు. బ్రెజిల్‌లోని సాంతోస్, పరనగువా రేవుల్లో సోయా సీజన్, వానల సీజన్ ఒకదాని మీద ఒకటి పడతాయి. అర్జెంటీనాలో రొసారియో చుట్టుపక్కల రేవులు పరానా నది మీద ఉన్నాయి. నది లోతు చాలక ఓడలు అక్కడ పూర్తిగా నింపుకోకుండా బయల్దేరి, సముద్రం ఒడ్డున ఉన్న బహియా బ్లాంకా లేదా నెకోచియాలో మిగతాది నింపుకోవడం మామూలే. అంటే ఒకే ఓడకు రెండు రేవుల్లో శాంపిళ్లు. మీరు ఏ రేవులో నిలబడతారో ముందే తేల్చుకోవాలి, రెండోచోట మీ తరఫున సర్వేయర్ (సరుకు నాణ్యత, బరువు తనిఖీ చేసే మనిషి) ఉండాలి. మిసిసిపీ మీద బార్జి ఒక్కోటి దాదాపు 1,500 షార్ట్ టన్నులు (ఒక్కోటి 907 కిలోలు) మోస్తుంది. 65,000 టన్నులు పట్టే పనామాక్స్ రకం పెద్ద ఓడ నిండాలంటే నలభై ఐదుకు పైగా బార్జిలు కావాలి. 2022 అక్టోబరులో మెంఫిస్ దగ్గర నీటిమట్టం రికార్డు స్థాయికి పడిపోయినప్పుడు బార్జిల్లో సరుకు తగ్గించి నింపాల్సి వచ్చింది, ఓడల తారీఖులన్నీ తారుమారయ్యాయి. తారీఖు మార్చుకోగల టికెట్టే కొనండి. ఓడ ఏజెంటుకు రోజూ ఉదయం ఫోన్ చేయండి. విక్రేత ఆఫీసు కంటే అతనికి ముందు తెలుస్తుంది.

శాంపిల్ దగ్గర

మొదట ఖాళీ హోల్డు చూడండి. పాత సరుకు మూలల్లో మిగిలిందా, గోడల తుప్పు పెచ్చులుగా ఊడుతోందా, పురుగులున్నాయా, ఏదైనా వాసన వస్తోందా? అమెరికాలో ఎగుమతి ధాన్యానికి, హోల్డుల శుభ్రతకు ఫెడరల్ గ్రెయిన్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్ తనిఖీ ఉంటుంది. కెనడాలో ఎగుమతి సరుకుకు గ్రేడు ఇచ్చేది కెనేడియన్ గ్రెయిన్ కమిషన్. అధికారిక తనిఖీ ఉన్నచోట కూడా మీ కళ్లతో చూడటం మానొద్దు.

లోడింగ్ మొదలయ్యాక ఆటోమేటిక్ శాంప్లర్ ఎక్కడుందో అడిగి అక్కడికి వెళ్లండి. పారుతున్న గింజ మొత్తాన్ని అడ్డంగా కోసి తీసిన శాంపిలే నమ్మదగింది. గుట్ట అంచున దోసిలితో తీసింది శాంపిల్ కాదు, ఎందుకంటే గుట్టలో బరువైన గింజ ఒక చోట, తాలూ దుమ్మూ ఇంకో చోట చేరతాయి. చిన్న శాంపిళ్లన్నీ కలిపి, డివైడర్‌లో పోసి భాగాలు చేసేటప్పుడు దగ్గరే ఉండండి. సంచికి వేసిన సీలు నంబరు నోట్‌బుక్‌లో రాసుకోండి, ఫోటో తీసుకోండి. ఏ సంచి ఎవరి దగ్గర ఉంటుందో, ఎన్నాళ్లు దాస్తారో కాగితం మీద ఉండాలి. ఫోటో తీసే ముందు అక్కడ ఫోన్ వాడొచ్చో లేదో అడగండి. దాని కారణం కింద చెబుతాను.

అంకెలు ఏ లెక్కలో ఉన్నాయి

దేశం మారితే అదే గోధుమకు అంకె మారుతుంది. ప్రోటీన్‌ను అమెరికా 12 శాతం తేమ లెక్కన చెబుతుంది, కెనడా 13.5 లెక్కన, ఆస్ట్రేలియా 11 లెక్కన. యూరప్‌లో తేమ పూర్తిగా తీసేసిన లెక్క. అమెరికా లెక్కలో 12.0 ఉన్న గోధుమ కెనడా లెక్కలో 11.8, ఆస్ట్రేలియా లెక్కలో 12.1, యూరప్ లెక్కలో 13.6. సరుకు ఒక్కటే. మీటింగ్‌లో ఎవరైనా ప్రోటీన్ అంకె చెప్పగానే ఏ తేమ మీద అని అడగండి. సూత్రం తేలికే. అమెరికా లెక్కలో 100లోంచి తేమ 12 తీస్తే 88. ప్రోటీన్ అంకెను, ఇక్కడ 12.0ను, ఆ 88తో భాగించి 100తో గుణిస్తే పొడి లెక్క వస్తుంది. అక్కడి నుంచి ఏ తేమ లెక్కకైనా వెళ్లొచ్చు.

అమెరికాలో ధాన్యం కొలిచే బుషెల్ గోధుమకు 60 పౌండ్లు, మొక్కజొన్నకు 56. టన్ను గోధుమ అంటే 36.74 బుషెళ్లు, టన్ను మొక్కజొన్న అంటే 39.37. చికాగో ఫ్యూచర్స్ కాంట్రాక్టు 5,000 బుషెళ్లు, గోధుమలో దాదాపు 136 టన్నులు. షార్ట్ టన్ను 907 కిలోలు, లాంగ్ టన్ను 1,016. ఇవి ఫోన్‌లో వెతుక్కునేవి కావు, నోటికి వచ్చి ఉండాలి.

పెట్టెలో

సేఫ్టీ బూట్లు మీవే తీసుకెళ్లండి. సైటులో ఇచ్చే బూట్లు మీ పాదానికి సరిపోతాయన్న నమ్మకం లేదు. దుమ్ముకు తగ్గ మాస్కు కూడా మీదే. పొలం నుంచి వచ్చిన రాత్రే బూట్ల అడుగున ఉన్న మట్టి బ్రష్షుతో గీకి కడగండి, ప్యాంటు మడతల్లో, బ్యాగు జేబుల్లో గింజలు చిక్కుకున్నాయేమో దులపండి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో దిగేటప్పుడు మట్టి అంటిన బూట్లు, గింజలు, ఇటీవల పొలాలకు వెళ్లిన సంగతి తప్పకుండా డిక్లేర్ చేయాలి. నిల్వ ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు లాంటిది ఒక్కసారి దేశంలోకి వస్తే ఆ దేశపు ఎగుమతులే దెబ్బతింటాయి, కాబట్టి వాళ్ల కఠినత్వం న్యాయమైనదే. శాంపిళ్లను చేతి సంచిలో వేసుకుని సరిహద్దులు దాటకండి. అవి దిగుమతి అనుమతి, ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌తో (పురుగు, తెగులు లేవని ఇచ్చే పత్రంతో) కొరియర్లో వెళ్లాలి. తేమ మీటరు బ్యాటరీ లిథియంది అయితే విడి బ్యాటరీలు క్యాబిన్ బ్యాగులో ఉండాలి. శాంపిల్ గుచ్చి తీసే గొట్టం చెక్ ఇన్ సామానులో.

బ్రెజిల్ లాంటి దేశాలకు వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, అప్పటినుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 నుంచి అది జీవితకాలం పనికొస్తుంది. వీసా విషయంలో ఒక్క మాట. మీటింగులకు, తనిఖీకి వెళ్లడం వేరు, యంత్రం బిగించడం వేరు. రెండోది చాలాచోట్ల పనిగా లెక్క. ఆహ్వాన లేఖలో మీరు చేసేది ఉన్నది ఉన్నట్టు రాయించండి.

ప్రాణం సంగతి

ఇంతవరకు చెప్పినదాంట్లో ఏదైనా మరిచిపోయినా సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ కాదు.

గింజల దుమ్ము గాలిలో లేచి, మూసిన చోట నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 1977 డిసెంబరు 22న లూసియానాలోని వెస్ట్‌వెగోలో ఒక ఎలివేటర్ పేలి 36 మంది చనిపోయారు. అందుకే ఎలివేటర్లో గింజ బెల్టుల మీద పారే గ్యాలరీల్లో, సొరంగాల్లో మామూలు ఫోన్లు, కెమెరాలు నిషేధం. గేటు దగ్గర అడగ్గానే ఇచ్చేయండి. నేల మీద, బీముల మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంటే లోపలికి వెళ్లనని చెప్పే హక్కు మీకు ఉంది. నేను చెబుతాను. ఎవరూ తప్పుగా అనుకోరు, అనుకున్నా పర్వాలేదు.

నిండిన సైలోలో గింజ మీద నిలబడకండి. కింద తూము తెరిస్తే కొన్ని సెకన్లలో మోకాళ్ల దాకా దిగిపోతారు, ఆ తర్వాత సొంత బలంతో కాలు పైకి తీయలేరు. అర నిమిషం లోపే మనిషి మునిగిపోవచ్చు. పైన గట్టిగా కనిపించే గింజ కింద బోలుగా ఉండొచ్చు.

మూడోది ఫాస్ఫీన్. ఓడ ప్రయాణంలో పురుగు చంపడానికి హోల్డుల్లో అల్యూమినియం ఫాస్ఫైడ్ పెడతారు, తేమ తగిలి అది ఫాస్ఫీన్ విడుదల చేస్తుంది. వెల్లుల్లి వాసనలా ఉంటుందని అంటారు, కానీ ప్రమాదం తెలుసుకోవడానికి ముక్కు చాలదు. హోల్డు తలుపు తీసిన వెంటనే దిగకండి. గాలి మార్చి, మీటరుతో కొలిచి, గ్యాస్ లేదని రాసిచ్చాకే వెళ్లాలి. గ్యాస్ వాడకపోయినా మూసి ఉన్న హోల్డులో ఆక్సిజన్ తగ్గి ఉండొచ్చు. కొలవకుండా ముందు దిగిన మనిషి మీ కళ్ల ముందే కుప్పకూలినా వెనకే దిగకండి. అలా దిగి చనిపోయిన రక్షకుల సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు.

మనుషులు

జూన్‌లో లండన్‌లో ఇంటర్నేషనల్ గ్రెయిన్స్ కౌన్సిల్ సదస్సు, నవంబరులో జెనీవాలో గ్లోబల్ గ్రెయిన్ సదస్సు జరుగుతాయి. కొత్తవాళ్లు ముందు రేవులు చూసి ఆ తర్వాతే సదస్సులకు వెళ్లాలని నా అభిప్రాయం. రేవు చూసినవాళ్లకు అక్కడ అడగడానికి ప్రశ్నలుంటాయి. చదువు కావాలంటే కాన్సస్‌లోని మన్‌హాటన్‌లో ఐజీపీ ఇన్‌స్టిట్యూట్ ధాన్యం కొనుగోలు, పిండి మిల్లింగ్ మీద చిన్న కోర్సులు నడుపుతుంది. ఒక్కో రేవులో మీకు అన్నిటికన్నా విలువైన పరిచయం సర్వేయర్. రాత్రి రెండింటికి ఓడ దగ్గర ఉండేది అతనే. అతని పని సమయాన్ని, నిద్రను గౌరవించండి. అతను తేమ ఎక్కువగా ఉందని చెబితే వెంటనే మేనేజర్లకు ఫోన్ చేయకుండా ముందు అతనితో కలిసి మళ్లీ కొలవండి.

రోజు పని ముగిశాక నిద్రకు ముందే నోట్స్ పూర్తి చేయండి. వాతావరణం, పని ఆగిన గంటలు, ప్రతి హోల్డుకు తేమ, ప్రోటీన్, సీలు నంబర్లు. లోడింగ్ ముగిశాక డ్రాఫ్ట్ సర్వే అయ్యేదాకా రేవు వదలకండి. ఓడ ముందు, మధ్య, వెనక భాగాల్లో నీటిగీతలు చదివి, బ్యాలస్ట్ నీరు, ఇంధనం తీసేసి సరుకు బరువు లెక్కకడతారు. గీతలు చదివేటప్పుడు మీరూ పక్కనే ఉండి మీ అంకె విడిగా రాసుకోండి. అలలు ఉంటే రెండు మూడు సార్లు చదవమని అడగండి. షోర్ స్కేలు (ఒడ్డున తూచే కాటా) బరువుతో తేడా ఎక్కువగా కనిపిస్తే ఓడ కట్లు విప్పకముందే లెటర్ ఆఫ్ ప్రొటెస్ట్ (అభ్యంతరం తెలిపే లేఖ) రాయించి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి.