ఉద్యోగుల క్లబ్బుకు ఉమ్మడి తెరచాప పడవను ఎంచుకోవడం ఎలా?

తిరుపతి, రేణిగుంట, శ్రీసిటీ ప్రాంతాల్లో పనిచేసే ఉద్యోగులు పదిపన్నెండు మంది కలిసి తెరచాప పడవ నడపడం నేర్చుకోవాలనుకున్నప్పుడు అందరి నోటా ముందుగా వచ్చే ప్రశ్న "ఏ పడవ కొందాం?" అన్నదే. ఆ ప్రశ్నను మూడోదిగా పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఏ నీటిమీద నడుపుతారు, ఎవరెవరు నడుపుతారు అన్నవి ముందు ఖాయమైతే పడవ ఎంపిక చాలావరకు సులువవుతుంది. సొంతానికి కొనుక్కునే పడవ యజమాని నేర్పుకు సరిపోతే చాలు, కానీ పదిమంది డబ్బుతో కొనే పడవ ఆ పదిమందిలో అందరికన్నా కొత్తగా చేరినవారికి సరిపోవాలి.

మొదటి అడుగు: నీటిని ఖాయం చేసుకోవడం

తిరుపతి వాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది కల్యాణి డ్యాం. అది తిరుపతికి, తిరుమలకు తాగునీరు ఇచ్చే జలాశయం కాబట్టి దాన్ని నమ్ముకుని పడవ కొనడం సరికాదు. తడ, సూళ్ళూరుపేట వైపు పులికాట్ సరస్సు విశాలమైనదే, మధ్యాహ్నం వేళ సముద్రపు గాలి కూడా బాగా తగులుతుంది. అయితే దాని సగటు లోతు సుమారు 1 మీటరు మాత్రమే, వేసవిలో నీరు ఇంకా వెనక్కి పోతుంది. సరస్సులో ఎక్కువ భాగం రాజహంసలు వచ్చే పక్షుల అభయారణ్యం, శ్రీహరికోట చుట్టూ ఇస్రో భద్రతా ఆంక్షలు ఉంటాయి, పైగా ఆ నీటిమీద బతికే జాలర్ల వలలు ఎక్కడెక్కడ ఉన్నాయో వాళ్ళకే తెలుసు. అందువల్ల అటవీశాఖ నుంచి లిఖితపూర్వకమైన అనుమతి తీసుకుని, గ్రామపెద్దలతో మాట్లాడి, ఏ భాగంలో ఏ నెలల్లో నడపవచ్చో తేల్చుకున్న తరువాతే పడవకు అడ్వాన్సు ఇవ్వాలి. అనుమతి రాకపోతే చెన్నై హార్బరు వైపు చూడవలసి వస్తుంది. అక్కడ 1911 నుంచి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. తిరుపతి నుంచి దూరమే అయినా, లోతైన నీరు, శిక్షణ రెండూ ఒకేచోట ఉండడం చిన్న విషయం కాదు.

లోతు ఎందుకు అంత ముఖ్యమో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. జే/24 అనే పేరున్న పడవకు అడుగున కీల్ అనే బరువైన, కదలని రెక్కలాంటి పలక ఉంటుంది, అది నీటిలోకి 1.22 మీటర్లు దిగుతుంది. హార్బరులో అది నిబ్బరంగా పోతుంది గానీ, మీటరు లోతున్న సరస్సులో బురదకు తగులుకుని నిలిచిపోతుంది. మన సరస్సులకు, చెరువులకు కావలసింది డింగీ అనే చిన్న, తేలికరకం పడవ. దాని మధ్యలో పైకీ కిందికీ జరిపే సెంటర్‌బోర్డు అనే పలక ఉంటుంది, లోతు తగ్గినచోట దాన్ని పైకి లాగితే పడవ జానెడు నీటిలో కూడా ఒడ్డు చేరుతుంది. చుక్కాని కూడా నేలకు తగిలినప్పుడు పైకి లేచే రకమై ఉండాలి.

రెండో అడుగు: మనుషులను లెక్కపెట్టడం

ఇక్కడ కాస్త మొహమాటం విడిచి మాట్లాడుకోవాలి. పేరు ఇచ్చినవాళ్ళు ఎంతమంది అన్నది కాకుండా, ఆదివారం ఉదయం 5 గంటలకు నిజంగా బయలుదేరేవాళ్ళు ఎంతమందో రాసుకోండి. ఎవరికి ఈత వచ్చు, ఎవరి బరువెంత, ఇదివరకు ఎవరైనా నేర్చుకున్నారా అన్నవి కూడా రాసుకోండి. కనీసం ఇద్దరు ఎక్కడైనా శిక్షణ పూర్తిచేసేవరకు కొనుగోలు వాయిదా వేయడమే మంచిది.

ఈ లెక్క చేతిలో ఉంటే పడవల మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తుంది. లేజర్ పడవ పొడవు సుమారు 4.2 మీటర్లు, బరువు 59 కిలోలు, తెరచాప 7 చదరపు మీటర్లు. ఇద్దరు సునాయాసంగా మోసుకుపోవచ్చు, నడిపితే ఎంతో ఉల్లాసంగా ఉంటుంది, కానీ అది ఒక్కరి పడవ. ఒకరు నీటిమీద ఉంటే మిగతా తొమ్మిదిమంది ఒడ్డున ఎండలో నిలబడతారు, నేర్చుకునేవారి పక్కన చెప్పేవారు కూర్చోవడానికి చోటుండదు. ఎంటర్‌ప్రైజ్ పడవ సుమారు 4 మీటర్ల పొడవుతో, పెద్ద తెరచాప, ముందు జిబ్ అనే చిన్న తెరచాపతో ఇద్దరికి సరిపోతుంది. వేఫేరర్ 4.8 మీటర్ల పొడవుండి, నేర్పేవారితో కలిపి ముగ్గురు నలుగురిని ఎక్కించుకుంటుంది. మొదటి ఉమ్మడి పడవగా నా ఓటు ఈ వేఫేరర్ తరహా పడవకే. కాకపోతే దాని ఖాళీ పడవ బరువే సుమారు 169 కిలోలు. దాన్ని మెత్తటి ఒడ్డుమీద లాగాలంటే వెడల్పు చక్రాల ట్రాలీ, నలుగురు మనుషులు కావాలి. మీరు రాసుకున్న లెక్కలో ప్రతివారం వచ్చేవాళ్ళు ముగ్గురే తేలితే ఎంటర్‌ప్రైజ్‌కు దిగిపోవడమే వివేకం, లాగలేని పడవ షెడ్డులోనే ఉండిపోతుంది.

మూడో అడుగు: గాలినీ, బోల్తానూ తట్టుకునే పడవ

గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి కొత్తవారికి హాయిగా ఉంటుంది, నీటిమీద తెల్లటి నురుగలు విరివిగా కనిపించడం మొదలైతే అది వారి చేతికి మించిన గాలి. మన ప్రాంతంలో ఆషాఢమాసపు పడమటి గాలులు, కార్తీకంలో బంగాళాఖాతపు వాయుగుండాలు తెలిసినవే. కాబట్టి తెరచాపను కింది నుంచి మడిచి విస్తీర్ణం తగ్గించే ఏర్పాటు లేని పడవను, ఎంత చవకగా వచ్చినా, ఉమ్మడి పడవగా తీసుకోకండి.

డింగీ బోల్తా పడడం ప్రమాదం కాదు, నేర్చుకోవడంలో ఒక భాగం. పడినదాన్ని తిరిగి లేపలేకపోవడమే ప్రమాదం. లోతు తక్కువైన సరస్సులో ఇంకో చిక్కు ఉంది. పడవ పూర్తిగా తలకిందులైతే తెరచాపను నిలబెట్టే ఆరు మీటర్ల స్తంభం కొన బురదలో దిగబడి, పడవను లేపడం దాదాపు అసాధ్యమవుతుంది. స్తంభం కొనకు గాలి నింపిన బుడగలాంటి తేలుడు సంచి కడితే పడవ పక్కకు పడి అక్కడే ఆగుతుంది. పులికాట్ లాంటి నీటికి దాన్ని తప్పనిసరి సామానుగా లెక్కలో చేర్చండి. లైఫ్ జాకెట్లు మనిషికొకటి, కొలతకు తగినవి, పడవ ధరతోపాటే లెక్కించాలి.

నాలుగో అడుగు: పాత పడవను చేతితో చూడడం

కొత్త పడవకు డబ్బు చాలక చాలా క్లబ్బులు పాతదే కొంటాయి. అందులో తప్పేమీ లేదు, కానీ రంగును చూసి మోసపోకూడదు. మా క్లబ్బు కోసం మేము మొదట చూసిన పడవ కొత్త పెయింటుతో అద్దంలా మెరుస్తోంది. అమ్మేవారు చాలా మర్యాదగా మాట్లాడారు, మేము అడ్వాన్సు ఇచ్చేశాం. తరువాత పడవను ట్రాలీ మీదికి ఎత్తబోతే నలుగురం కదిలించలేకపోయాం. వెనుక పక్కనున్న చిన్న గుండ్రటి మూత తిప్పి లోపల చెయ్యి పెడితే ముంజేతి వరకు నీరు, కుళ్ళిన గోనెసంచి వాసన. పడవ తేలడానికి లోపల నింపిన ఫోమ్ ఏళ్ళ తరబడి నీరు పీల్చి బరువెక్కింది. అడ్వాన్సు తిరిగి రాలేదు.

అందుకని నేను ఇప్పుడు చేసే పరీక్ష ఇది. స్తంభం నిలిచే చోట, సెంటర్‌బోర్డు గాడి చుట్టూ, చుక్కాని బిగించే వెనుక పలక మీద వేలి కణుపుతో కొడుతూ పోవాలి. గట్టి ఫైబర్ గ్లాసు ఖంగుమంటుంది, నాని ఉబ్బినచోట శబ్దం మట్టికుండ పగిలినట్టు బొంగురుపోతుంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయే డెక్కును వదిలేయాలి. మూతలన్నీ విప్పి వాసన చూడాలి. వీలైతే పడవను తూకం వేయించి, ఆ రకానికి ఉండవలసిన బరువుతో పోల్చాలి. తెరచాపను ఎండకు ఎత్తిపట్టి చూసి, కుట్ల దగ్గర దారాన్ని గోటితో గీకాలి. మన ఎండకు దారం ముందే చివికి, గుడ్డ బాగున్నా కుట్టు పొడిలా రాలుతుంది. స్తంభాన్ని పట్టి ఉంచే తీగల్లో ఒక్క పోగు తెగి ఉన్నా తీగ మొత్తం మార్చాలి.

ఐదో అడుగు: కాగితం మీద పెట్టుకోవడం

ఉద్యోగుల క్లబ్బుకు ప్రత్యేకమైన చిక్కు బదిలీలు. బదిలీ అయినవారి వాటా ఎంతకు ఎవరు తీసుకుంటారు, దెబ్బ తగిలితే ఎవరు పెట్టుకుంటారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ప్రతిసారి మంచినీటితో కడిగి కవరు కప్పే బాధ్యత ఎవరిది అన్నవి కొనకముందే ఒక పేజీలో రాసి అందరూ సంతకం చేయాలి. స్నేహితుల మధ్య కాగితం ఎందుకని కొందరు నొచ్చుకుంటారు, అయినా రాయించండి.

చివరగా, మిగతా సొమ్ము ఇచ్చే ముందు పడవను నీటిలోకి దించి చూడాలి. నడిపించవలసింది బాగా వచ్చినవారితో కాదు. రెండోసారి చూసిన పడవ దగ్గర మేము మా అకౌంట్స్ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయికి చుక్కాని ఇచ్చి, పక్కన రక్షణ పడవ ఉంచుకుని, కావాలనే బోల్తా కొట్టించాం. పడవను లేపడానికి ఆమె మొదటిసారి సెంటర్‌బోర్డు మీద నిలబడినా జారిపోయింది. రెండోసారి తాడు పట్టుకుని వెనక్కి వాలగానే తెరచాప నీటిలోంచి మెల్లగా లేచింది. ఆమె తానే ఎక్కి, జుట్టులో నీళ్ళు కారుతుండగా పడవను ఒడ్డుకు తెచ్చింది. మేము ఆ మధ్యాహ్నమే మిగతా సొమ్ము చెల్లించాం.